లోడ్ బ్యాలెన్సర్ లిజనర్లు

క్లౌడ్ లోడ్ బ్యాలెన్సర్‌లో ఒక నిర్ణీత పోర్టు మీద, ఒక నిర్ణీత ప్రోటోకాల్‌తో బయటి కనెక్షన్ల కోసం ఎదురుచూసే భాగాన్ని లిజనర్ అంటారు. లోడ్ బ్యాలెన్సర్ వెనక ఎన్ని సర్వర్లు నిలబెట్టినా, కనీసం ఒక్క లిజనర్ లేకపోతే వాటికి ఒక్క రిక్వెస్టు కూడా అందదు. వచ్చిన రిక్వెస్టును ఎవరికి అప్పగించాలి, దాని ఎన్‌క్రిప్షన్‌ను ఎక్కడ విప్పాలి, అసలు లోపలికి రానివ్వాలా వద్దా అనేవన్నీ ఇక్కడే తేలతాయి. సెటప్ చేసేటప్పుడు తెర మీద కనిపించేవి నాలుగైదు గడులే కాబట్టి చాలామంది ఈ పనిని నిమిషాల్లో ముగించేస్తారు. నిజానికి ఒక వెబ్ సేవ బయటి ప్రపంచానికి ఎలా కనిపించాలో నిర్ణయించే చోటు ఇదే. ఇక్కడి ప్రతి డిఫాల్ట్ విలువనూ ఏమిటో తెలుసుకుని మరీ ఉంచాలి, లేదా మార్చాలి.

ఈ వ్యాసం ప్రధానంగా అమెజాన్ వెబ్ సర్వీసెస్‌లోని అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్, నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్‌లను ఆధారం చేసుకుంటుంది. మిగతా క్లౌడ్‌లలో పేర్లు, పరిమితులు మారినా పనితీరు చాలావరకు ఇదే.

చరిత్ర

ఒక ప్రోగ్రామ్ పోర్టును పట్టుకుని కనెక్షన్ల కోసం వేచి ఉండే పద్ధతికి స్థిరమైన రూపం ఇచ్చింది బర్కిలీ యూనిక్స్. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీలో సాకెట్, బైండ్, లిజన్, యాక్సెప్ట్ అనే సిస్టమ్ కాల్స్ ఉన్నాయి. నేటికీ దాదాపు ప్రతి వెబ్ సర్వరూ ఆ నాలుగు మెట్ల మీదుగానే పని మొదలుపెడుతుంది. పోర్టు సంఖ్యకు టీసీపీ ఇచ్చింది 16 బిట్లు. అందుకే పోర్టులు 65535 దగ్గర ఆగిపోతాయి. 1023 వరకు ఉన్నవి అందరికీ తెలిసిన సేవలకు కేటాయించినవి: వెబ్‌కు 80, ఎన్‌క్రిప్ట్ అయిన వెబ్‌కు 443, డీఎన్ఎస్‌కు 53, ఎస్ఎస్‌హెచ్‌కు 22.

1990ల చివర్లో వెబ్‌సైట్ల రద్దీ ఒక్క సర్వర్ మోయలేని స్థాయికి చేరినప్పుడు సిస్కో, ఎఫ్5 వంటి కంపెనీలు లోడ్ బ్యాలెన్సింగ్ కోసమే ప్రత్యేక పరికరాలు అమ్మాయి. ఎఫ్5 వాళ్ల పరికరంలో లిజనర్ పని చేసే భాగాన్ని వర్చువల్ సర్వర్ అన్నారు. 2001లో విలీ తారో రాసిన హెచ్ఏప్రాక్సీ, 2004లో ఇగోర్ సిసోయెవ్ విడుదల చేసిన ఎన్‌జిన్ఎక్స్ ఈ పనిని మామూలు లినక్స్ యంత్రాల మీదికి తెచ్చాయి. 2009 మే నెలలో అమెజాన్ ఎలాస్టిక్ లోడ్ బ్యాలెన్సింగ్‌ను ప్రవేశపెట్టింది. దాంతో ఇది పరికరం కొనడం, సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం అనే దశ దాటి, అద్దెకు తీసుకునే సేవగా మారింది.

ఆ తొలి తరాన్ని ఇప్పుడు క్లాసిక్ లోడ్ బ్యాలెన్సర్ అంటున్నారు. దానిలో లిజనర్ అంటే రెండు జతలు: బయటి ప్రోటోకాల్, పోర్టు ఒక జత, లోపలి సర్వర్ ప్రోటోకాల్, పోర్టు మరో జత. ఒక లిజనర్‌కు వచ్చినదంతా ఒకే సర్వర్ల గుంపుకు పోయేది. 2016 ఆగస్టులో వచ్చిన అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ ఈ ముడిని విప్పింది. లోపలి పోర్టు, సర్వర్లు బాగున్నాయో లేదో చూసే హెల్త్ చెక్ రెండూ టార్గెట్ గ్రూప్ అనే వేరే వస్తువులోకి, అంటే వెనకున్న సర్వర్ల గుంపులోకి, వెళ్లిపోయాయి. లిజనర్ దగ్గర మిగిలింది నిర్ణయం తీసుకునే పని. మైక్రోసర్వీసులు ఒకే చిరునామా కింద ఇమడడం ఈ మార్పు వల్లే తేలికైంది. లిజనర్ల చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించే మలుపు ఇదే. 2017 సెప్టెంబరులో నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్, 2020 నవంబరులో గేట్‌వే లోడ్ బ్యాలెన్సర్ వచ్చి చేరాయి.

మైక్రోసాఫ్ట్ అజూర్ అప్లికేషన్ గేట్‌వే, ఒరాకిల్ క్లౌడ్, ఓపెన్‌స్టాక్ ఆక్టేవియా కూడా లిజనర్ అనే పేరే వాడతాయి. గూగుల్ క్లౌడ్‌లో ఇదే పనిని ఫార్వర్డింగ్ రూల్, టార్గెట్ ప్రాక్సీ, యూఆర్ఎల్ మ్యాప్ అనే మూడు వస్తువులు పంచుకుంటాయి. కుబర్నెటిస్‌లో 2023 అక్టోబరులో స్థిరపడిన గేట్‌వే ఏపీఐ కూడా లిజనర్ల జాబితాతోనే మొదలవుతుంది.

ప్రోటోకాల్ ఎంపిక

లిజనర్ సృష్టించేటప్పుడు మొదట తేల్చుకోవలసింది లోడ్ బ్యాలెన్సర్ రిక్వెస్టును చదవాలా, చదవకుండా దాటించాలా అన్నది. అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ లిజనర్ హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ మాత్రమే తీసుకుంటుంది. హోస్ట్ పేరు, పాత్, హెడర్లు చదివి దారి నిర్ణయిస్తుంది. నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్ లిజనర్ టీసీపీ, యూడీపీ, టీఎల్ఎస్ స్థాయిలో పనిచేస్తుంది. లోపలి సందేశంతో దానికి పని లేదు. వచ్చిన కనెక్షన్ ఐపీ చిరునామాలు, పోర్టులు, ప్రోటోకాల్, టీసీపీ సీక్వెన్స్ సంఖ్యలతో హ్యాష్ లెక్కగట్టి ఒక టార్గెట్‌ను ఎంచుకుంటుంది. ఆ కనెక్షన్ బతికున్నంతసేపూ అదే టార్గెట్‌కు పంపుతుంది.

వెబ్‌సైట్లకు, ఏపీఐలకు మొదటిది. డేటాబేస్, మెయిల్, గేమ్ సర్వర్లు, డీఎన్ఎస్ వంటివాటికి, స్థిరమైన ఐపీ చిరునామా తప్పనిసరి అన్న చోట రెండోది. బ్యాంకులతోనో ప్రభుత్వ వ్యవస్థలతోనో కలిపేటప్పుడు అవతలివాళ్లు ఫైర్‌వాల్‌లో పెట్టుకోవడానికి మారని ఐపీ అడగడం మామూలే. అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ ఐపీలు ఎప్పుడైనా మారవచ్చు కాబట్టి, అటువంటి చోట దాని ముందు నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్‌ను నిలబెడతారు.

రూల్స్, వాటి వరుస

అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ లిజనర్‌లో ప్రతి రూల్‌కూ మూడు భాగాలు ఉంటాయి: ప్రాధాన్య సంఖ్య, షరతులు, చర్య. ప్రాధాన్య సంఖ్య 1 నుంచి 50,000 వరకు ఉండవచ్చు. చిన్న సంఖ్య ఉన్న రూల్‌ను ముందు చూస్తారు. షరతులు సరిపోయిన మొదటి రూలే అమలవుతుంది, ఆ తర్వాతివాటిని ఇక చూడరు. ఏదీ సరిపోకపోతే చివరగా డిఫాల్ట్ రూల్ పనిచేస్తుంది. దానికి షరతులుండవు, దాన్ని తొలగించడమూ కుదరదు.

షరతులుగా హోస్ట్ పేరు, పాత్, హెచ్‌టీటీపీ హెడర్, మెథడ్, క్వెరీ స్ట్రింగ్, పంపినవారి ఐపీ చిరునామా వాడవచ్చు. చర్యగా టార్గెట్ గ్రూప్‌కు పంపడం, మరో చిరునామాకు మళ్లించడం, ముందే రాసిపెట్టిన జవాబు ఇవ్వడం, లేదా ముందు లాగిన్ చేయించడం ఎంచుకోవచ్చు.

వరుస ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణలో చూద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ ఫలితాల రోజు వెబ్‌సైట్ల మీద పడే ఒత్తిడి అందరికీ తెలిసిందే. అలాంటి ఒక ఫలితాల సైటులో మార్కుల పేజీలు ఒక టార్గెట్ గ్రూప్ నుంచి, మార్కుల మెమో పీడీఎఫ్‌లు మరో గ్రూప్ నుంచి రావాలనుకుందాం. ఇంజినీరు 10వ నంబరు రూల్‌గా /రిజల్ట్స్/* అన్న పాత్‌ను మార్కుల గ్రూప్‌కు, 20వ నంబరు రూల్‌గా /రిజల్ట్స్/మెమో/* అన్న పాత్‌ను పీడీఎఫ్ గ్రూప్‌కు కట్టాడు. రెండు రూల్సూ విడివిడిగా చూస్తే సరైనవే. కానీ మెమో రిక్వెస్టు కూడా మొదటి రూల్‌కే సరిపోతుంది కాబట్టి రెండోదాని వంతు ఎన్నటికీ రాదు. మెమో అడిగిన ప్రతి విద్యార్థికీ మార్కుల సర్వర్ నుంచి 404 వస్తుంది, పీడీఎఫ్ సర్వర్లు ఖాళీగా ఉంటాయి. రెండు సంఖ్యలు తారుమారు చేస్తే చాలు. నిర్దిష్టమైన పాత్ ముందు, విశాలమైన పాత్ తర్వాత ఉండాలి. సంఖ్యలను 1, 2, 3 అని కాకుండా 10, 20, 30 అని ఇచ్చుకుంటే మధ్యలో కొత్త రూల్ చేర్చడానికి చోటుంటుంది.

అదే ఉదాహరణలో మరో చిక్కు ఉంది. /రిజల్ట్స్/* అన్నది చివర స్లాష్ లేని /రిజల్ట్స్‌కు సరిపోదు. పత్రికల్లో అచ్చయ్యేది, వాట్సాప్‌లో తిరిగేది మాత్రం స్లాష్ లేని చిరునామాయే. కాబట్టి రూల్‌లో రెండు రూపాలనూ పెట్టాలి. పాత్‌లో పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా ఉంటుంది. హోస్ట్ పేరులో ఆ తేడా లేదు.

తెలుగు లిపిలోని చిరునామాలతో పనిచేసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. .భారత్ వంటి తెలుగు డొమైన్ పేరును వాడుకరి తెలుగులోనే టైప్ చేసినా, బ్రౌజర్ దాన్ని ప్యూనీకోడ్ అనే రోమన్ అక్షరాల రూపంలోకి మార్చి పంపుతుంది. కాబట్టి హోస్ట్ షరతులో రాయవలసింది ఆ ప్యూనీకోడ్ రూపమే. పాత్‌లోని తెలుగు సంగతి వేరు, దాన్ని బ్రౌజర్ పర్సెంట్ గుర్తులతో రాసి పంపుతుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తుకు 3 బైట్లు పడతాయి. పర్సెంట్ గుర్తుతో రాసినప్పుడు అవి 9 అక్షరాలవుతాయి, గుణింతపు గుర్తులకూ పొల్లుకూ విడిగా మరో తొమ్మిదేసి చొప్పున. పాత్ షరతు గరిష్ఠ నిడివి 128 అక్షరాలే. అందువల్ల దారి నిర్ణయించే తొలి భాగాన్ని రోమన్ అక్షరాల్లో ఉంచి, తెలుగు శీర్షికను దాని తర్వాత రానివ్వడం మేలు.

డిఫాల్ట్ రూల్ విషయంలో ఈ వ్యాసకర్త అభిప్రాయం స్పష్టం. చాలామంది దాన్ని ప్రధాన అప్లికేషన్‌కు కట్టేస్తారు. అప్పుడు డొమైన్ పేరు తెలియకుండా ఐపీ చిరునామాలను వరసగా తడుముతూ పోయే స్కానర్ ప్రోగ్రాములు కూడా నేరుగా అప్లికేషన్ దాకా వచ్చేస్తాయి. డిఫాల్ట్ చర్యగా 404 జవాబు పెట్టి, తమ హోస్ట్ పేర్లకు మాత్రం విడిగా రూల్స్ రాసుకుంటే ఆ రద్దీ అంతా లోడ్ బ్యాలెన్సర్ దగ్గరే ఆగిపోతుంది.

సర్టిఫికెట్లు, టీఎల్ఎస్

443 పోర్టు మీది హెచ్‌టీటీపీఎస్ లిజనర్‌కు ఒక డిఫాల్ట్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఒకే లిజనర్ కింద పలు డొమైన్లు నడపడం ఎస్ఎన్ఐ అనే టీఎల్ఎస్ విస్తరణ వల్ల సాధ్యమైంది. కనెక్షన్ మొదట్లోనే బ్రౌజర్ తనకు ఏ పేరు కావాలో చెబుతుంది, లిజనర్ ఆ పేరుకు తగిన సర్టిఫికెట్ చూపిస్తుంది. అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌కు ఈ వసతి 2017 అక్టోబరులో వచ్చింది. అంతకు ముందు ప్రతి డొమైన్‌కూ వేరే లోడ్ బ్యాలెన్సర్ పెట్టడమో, పేర్లన్నీ ఒకే సర్టిఫికెట్‌లో కుక్కడమో చేసేవారు.

ఏ టీఎల్ఎస్ వెర్షన్లు, ఏ సైఫర్లు ఒప్పుకోవాలో సెక్యూరిటీ పాలసీ చెబుతుంది. టీఎల్ఎస్ 1.0, 1.1లను ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2021 మార్చిలో వాడుక నుంచి తప్పించింది. టీఎల్ఎస్ 1.3 ప్రమాణం 2018 ఆగస్టు నాటిది, అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌లోకి 2023లో వచ్చింది. కమాండ్ లైన్ నుంచో కోడ్ ద్వారానో లిజనర్ సృష్టిస్తూ పాలసీ పేరు రాయకపోతే చాలా ఏళ్లపాటు 2016 నాటి పాలసీయే వచ్చి కూర్చునేది. అది టీఎల్ఎస్ 1.0ను కూడా ఒప్పుకుంటుంది. అందుకే పాలసీ పేరును ఎప్పుడూ రాసి ఇవ్వాలి, పాత లిజనర్లను ఒకసారి తిరిగి చూసుకోవాలి.

సర్టిఫికెట్ గడువు దాటిపోతే సర్వర్లన్నీ నిక్షేపంగా ఉన్నా సైటు తెరుచుకోదు. 2020 సెప్టెంబరులో గరిష్ఠ గడువును 398 రోజులకు తగ్గించారు. సర్టిఫికెట్ సంస్థలూ బ్రౌజర్ కంపెనీలూ కలిసిన సీఏ/బ్రౌజర్ ఫోరమ్ 2025 ఏప్రిల్‌లో చేసిన తీర్మానం ప్రకారం ఇది అంచెలంచెలుగా తగ్గుతూ 2029 మార్చికి 47 రోజులకు చేరుతుంది. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని చేత్తో మార్చే పద్ధతికి ఇక కాలం చెల్లినట్టే. అమెజాన్ సర్టిఫికెట్ మేనేజర్ డీఎన్ఎస్ ఆధారంగా జారీ చేసిన సర్టిఫికెట్లు వాటంతటవే పునరుద్ధరణ అవుతాయి. అందుకు ముఖ్యమైన షరతు ఇది: ధ్రువీకరణ కోసం పెట్టిన డీఎన్ఎస్ రికార్డును ఎవరూ తీసేయకూడదు. పనైపోయింది కదా అని దాన్ని తుడిచేసిన చోట తర్వాతి పునరుద్ధరణ ఆగిపోతుంది.

80 పోర్టు లిజనర్‌ను పూర్తిగా మూసేయడం కన్నా, దానికి మళ్లింపు చర్య ఒక్కటే పెట్టి 443కు 301తో పంపడం ఇప్పటి ఆనవాయితీ. 2018 వరకు ఈ మళ్లింపును వెనకున్న సర్వర్లే చేయవలసి వచ్చేది. 301ను బ్రౌజర్లు గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి పరీక్షించే దశలో 302 వాడి, అంతా కుదిరాక 301కు మారడం మంచిది.

కాలపరిమితులు

లిజనర్ అమరికలో కంటికి కనిపించని తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ ఐడిల్ టైమౌట్ (డేటా రాకపోకలు లేని కనెక్షన్‌ను మూసేముందు ఆగే సమయం) డిఫాల్ట్‌గా 60 సెకన్లు, 4000 సెకన్ల వరకు పెంచుకోవచ్చు. లోడ్ బ్యాలెన్సర్ వెనక సర్వర్లతో తెరిచిన కనెక్షన్లను వెంటనే మూయదు, తర్వాతి రిక్వెస్టుకు వాడుకుంటుంది. సర్వర్ వైపు కీప్ అలైవ్ గడువు, అంటే పని లేని కనెక్షన్‌ను సర్వర్ తెరిచి ఉంచే కాలం, ఐడిల్ టైమౌట్ కన్నా తక్కువ ఉంటే ఒక పోటీ మొదలవుతుంది. నోడ్ జేఎస్ సర్వర్లలో ఆ గడువు ఏళ్ల తరబడి డిఫాల్ట్‌గా 5 సెకన్లే. ఐదో సెకను ముగియగానే సర్వర్ కనెక్షన్ మూసేస్తుంది. సరిగ్గా అదే క్షణంలో లోడ్ బ్యాలెన్సర్ అదే కనెక్షన్ మీద కొత్త రిక్వెస్టు పంపిందంటే, ఆ వాడుకరికి 502 కనిపిస్తుంది.

ఇది వేల రిక్వెస్టుల్లో ఒకటో రెండో. అప్లికేషన్ లాగ్‌లో దాని జాడే ఉండదు, ఎందుకంటే ఆ రిక్వెస్టు అప్లికేషన్ దాకా రానేలేదు. హెల్త్ చెక్‌లు పచ్చగానే ఉంటాయి. రోజుల తరబడి కోడ్ వెతికి అలసిపోయిన బృందాలకు చివరికి దొరికేది ఈ రెండు అంకెల తేడా. సర్వర్ కీప్ అలైవ్‌ను లోడ్ బ్యాలెన్సర్ ఐడిల్ టైమౌట్ కన్నా ఎక్కువగా, ఉదాహరణకు 65 సెకన్లు, పెడితే సమస్య పోతుంది. ఎన్‌జిన్ఎక్స్ డిఫాల్ట్ 75 సెకన్లు కాబట్టి దానితో ఈ బాధ సాధారణంగా రాదు.

నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్‌లో టీసీపీ ఐడిల్ టైమౌట్ డిఫాల్ట్ 350 సెకన్లు. డేటాబేస్ కనెక్షన్ పూల్స్ దీనికి తరచూ బలవుతుంటాయి. లినక్స్‌లో కనెక్షన్ బతికుందో లేదో చూసే టీసీపీ కీప్ అలైవ్ తొలి ప్యాకెట్ డిఫాల్ట్‌గా 7200 సెకన్లకు, అంటే రెండు గంటలకు గానీ బయలుదేరదు. ఈలోగా లోడ్ బ్యాలెన్సర్ ఆ కనెక్షన్‌ను మరిచిపోతుంది. పూల్ మాత్రం అది ఇంకా బతికే ఉందనుకుని తర్వాతి క్వెరీ పంపి, రీసెట్ అందుకుంటుంది. రాత్రంతా నిశ్శబ్దంగా ఉన్న ఆఫీసు అప్లికేషన్‌లో ఉదయం మొదటి క్లిక్ విఫలమై రెండో క్లిక్ పనిచేయడానికి ఇదొక ప్రసిద్ధ కారణం. కీప్ అలైవ్ విరామాన్ని 350 సెకన్ల లోపుకు తగ్గించాలి. 2024 నుంచి టైమౌట్‌నూ మార్చుకునే వీలుంది.

వాడుకరి చిరునామా

అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ వెనక ఉన్న సర్వర్‌కు ప్రతి రిక్వెస్టూ లోడ్ బ్యాలెన్సర్ నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది. అసలు వాడుకరి ఐపీ ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అనే హెడర్‌లో ఉంటుంది. ఈ హెడర్‌ను వాడుకరి కూడా తనకు నచ్చింది రాసి పంపగలడు. డిఫాల్ట్‌గా లోడ్ బ్యాలెన్సర్ దాన్ని చెరపదు, తాను చూసిన చిరునామాను చివర చేరుస్తుంది. కాబట్టి నమ్మదగింది కుడి చివర ఉన్న చిరునామాయే. మొదటిదాన్ని నమ్మి ఐపీ ఆధారిత అనుమతులు ఇచ్చిన అప్లికేషన్‌ను ఎవరైనా బోల్తా కొట్టించవచ్చు. నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్‌లో టార్గెట్లను ఇన్‌స్టాన్స్ ఐడీతో నమోదు చేస్తే వాడుకరి ఐపీ చెక్కుచెదరకుండా చేరుతుంది. అది కుదరని చోట హెచ్ఏప్రాక్సీ సృష్టికర్తలు రూపొందించిన ప్రాక్సీ ప్రోటోకాల్ వాడతారు. అయితే దాన్ని లోడ్ బ్యాలెన్సర్‌లోనూ సర్వర్‌లోనూ ఒకేసారి ఆన్ చేయాలి. ఒకవైపే ఆన్ అయితే ప్రతి కనెక్షనూ విఫలమవుతుంది.

లోపాలను గుర్తుపట్టడం

లిజనర్ సృష్టించినా సైటు తెరుచుకోకుండా బ్రౌజర్ ఎంతసేపూ తిరుగుతూనే ఉంటే ముందు చూడవలసింది ఏ పోర్టుకు ట్రాఫిక్ రానివ్వాలో చెప్పే సెక్యూరిటీ గ్రూప్. లిజనర్ పోర్టును అక్కడ విడిగా తెరవాలి. నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్లకు సెక్యూరిటీ గ్రూపులు 2023 ఆగస్టులో వచ్చాయి. జవాబు వస్తూ 503 కనిపిస్తే టార్గెట్ గ్రూప్‌లో ఎవరూ నమోదు కాలేదని అనుమానించాలి. 504 అయితే సర్వర్ సమయానికి పలకలేదు. 502 అయితే సర్వర్ కనెక్షన్‌ను మధ్యలో తెంచింది, లేదా అర్థం కాని జవాబు ఇచ్చింది. 460 అంటే వాడుకరే ఓపిక నశించి వెళ్లిపోయాడు. నమోదైన సర్వర్లన్నీ హెల్త్ చెక్‌లో విఫలమైతే అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ ట్రాఫిక్ ఆపేయదు, అన్నిటికీ పంపడం మొదలుపెడుతుంది. హెల్త్ చెక్ పాతే తప్పుగా రాసినా సేవ నడుస్తున్నట్టే కనిపించడానికి కారణం ఇది.

మార్పులు చేసే పద్ధతి

నడుస్తున్న లిజనర్‌ను మార్చడం అంటే వాడుకరులందరి దారినీ ఒక్క దెబ్బతో మార్చడం. 2019 నవంబరు నుంచి ఒక రూల్ ఒకటికన్నా ఎక్కువ టార్గెట్ గ్రూపులకు వాటాల ప్రకారం పంచగలదు. పాత వెర్షన్‌కు 95, కొత్తదానికి 5 అని మొదలుపెట్టి, లోపాలు కనిపించకపోతే పెంచుకుంటూ పోవచ్చు. తేడా వస్తే వాటాను సున్నా చేయడం క్షణాల పని. ఈ అమరికలన్నిటినీ టెర్రాఫామ్ వంటి సాధనంతో కోడ్‌గా రాసి ఉంచితే, ఏ రూల్‌ను ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో చరిత్ర మిగులుతుంది. కన్సోల్‌లో చేత్తో చేసిన అత్యవసర సవరణను కోడ్‌లో చేర్చడం మరిస్తే, తర్వాతిసారి కోడ్ అమలైనప్పుడు ఆ సవరణ చెరిగిపోతుంది.

లిజనర్‌ను ఏ ప్రాంతంలో సృష్టిస్తున్నామన్నదీ ముందే ఆలోచించుకోవాలి. అమెజాన్ భారతదేశంలో 2016 జూన్‌లో ముంబైలోనూ, 2022 నవంబరులో హైదరాబాద్‌లోనూ రీజియన్లు, అంటే డేటా సెంటర్ల ప్రాంతాలు, ప్రారంభించింది. హైదరాబాద్ రీజియన్‌లో మూడు అవైలబిలిటీ జోన్లు ఉన్నాయి. అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌కు కనీసం రెండు జోన్లలో సబ్‌నెట్లు, ఒక్కో సబ్‌నెట్‌లో కనీసం 8 ఖాళీ ఐపీ చిరునామాలు ఉండాలి. లిజనర్లూ రూల్సూ సర్టిఫికెట్లూ రీజియన్‌కు పరిమితం కాబట్టి, ముంబైలో నడుస్తున్న సేవకు హైదరాబాద్‌ను ప్రత్యామ్నాయంగా ఉంచుకోవాలంటే వీటన్నిటినీ అక్కడ విడిగా సృష్టించి, సర్టిఫికెట్‌ను మళ్లీ జారీ చేయించుకోవాలి.